ముందు పొగ సంగతి చూడండి, యాప్ సంగతి తర్వాత

గోదావరి జిల్లాల్లో కట్టెల హీటర్ గురించి రాస్తానంటే నవ్వొస్తుంది. మనకి చలి ఎక్కడుంది? భోగిమంట దగ్గర కాసేపు నిలబడటం తప్ప ఒళ్లు కాచుకునే అవసరమే రాదు. కానీ ఒక్కసారి చుట్టూ చూడండి. దేవరపల్లి, గోపాలపురం, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం వైపు బస్సెక్కితే పొలాల మధ్య పొగగొట్టాలతో నిలబడ్డ ఎత్తయిన ఇటుక గదులు కనిపిస్తాయి. అవి పొగాకు బ్యారన్లు. అసలు సిసలు కట్టెల హీటర్లు అవే. ఇటు ఆత్రేయపురం వెళ్తే పూతరేకుల కుండ కింద మంట. మండపేటలో రైస్ మిల్లు ఊక బాయిలర్. కోళ్ల షెడ్లో కరెంటు పోతే పిల్లలకి బొగ్గుల కుంపటి. ఊరి చివర కమ్మరి కొలిమి. కప్పు కింద నిప్పు, ఆ నిప్పు పక్కనే మనిషి. మన దగ్గర పనిచోట్లు చాలావరకు ఇలాగే ఉంటాయి.

ఈ జిల్లాల్లో ఏటా వేలమంది ఇంజినీరింగ్ పూర్తి చేస్తున్నారు. ఆ రెజ్యూమెలు నేను అప్పుడప్పుడు చూస్తుంటాను. జూనియర్లు పంపిస్తారు, 'అన్నా, ఒకసారి చూసి చెప్పవా' అని. పదింటిలో ఆరేడింటిలో ఐఓటీ ప్రాజెక్టు ఉంటుంది. స్మార్ట్ ఇరిగేషన్, స్మార్ట్ డస్ట్‌బిన్, ఈ మధ్య స్మార్ట్ టొబాకో బ్యారన్ కూడా. తప్పేం లేదు. కానీ బ్యారన్ ప్రాజెక్టు చేసినవాణ్ణి 'చిమ్నీ ఎత్తెంత?' అని అడిగితే తెల్లమొహం వేస్తాడు. నిప్పు గురించి తెలియనివాడు నిప్పుకి సెన్సర్ పెడుతున్నాడన్నమాట. నా ఫిర్యాదు అదీ.

ముందు బ్యారన్ సంగతి చెప్తాను, ఎందుకంటే మనలో చాలామంది దాన్ని బస్సు కిటికీలోంచే చూశాం. గది బయటి వైపు పొయ్యి నోరు ఉంటుంది. కట్టెలు అక్కడ వేస్తారు. మంట, పొగ ఇనుప గొట్టాల్లో దూరి గది నేల మీదుగా తిరిగి చిమ్నీలోంచి బయటికి పోతాయి. పొగ ఆకుని తాకకూడదు, గొట్టాల వేడి మాత్రమే తాకాలి. గొట్టాల పైన కర్రలకు కట్టిన పచ్చి ఆకు వరసలు వరసలుగా వేలాడుతుంది. మొదట 35 డిగ్రీల ప్రాంతంలో ఉంచి ఆకుని పసుపు రంగుకి తెస్తారు. తర్వాత మెల్లగా వేడి పెంచుతూ ఆకుని, చివర్లో ఈనెని ఆరబెడతారు. ఈనె ఆరే దశకి గది 70 డిగ్రీలు దాటుతుంది. మొత్తం ఐదారు రోజులు, రాత్రింబగళ్లు. ఎవరో ఒకరు పొయ్యి దగ్గరే పడుకోవాలి. కిలో ఆకు తయారవడానికి నాలుగైదు కిలోల కట్టె కాలుతుందని లెక్క చెప్తారు. జామాయిల్, సరుగుడు, జీడిమామిడి, ఏది దొరికితే అది.

(పొగాకు మీద నా అభిప్రాయం వేరే. ఆ పంట తగ్గితేనే మంచిదని నేను కూడా అనుకుంటాను. కానీ అది తగ్గేలోపు ఆ పొయ్యి దగ్గర పడుకునే మనిషి ఊపిరి గురించి ఆలోచించడానికి నాకు ఆ అభిప్రాయం అడ్డం రాదు.)

క్యూరింగ్ సీజన్ వచ్చిందంటే జిల్లా పేజీలో 'బ్యారన్ దగ్ధం' వార్తలు మొదలవుతాయి. నాలుగు లైన్ల వార్త. ఆ నాలుగు లైన్ల వెనక ఒక రైతు పెట్టుబడి ఉంటుంది. కారణం చాలాసార్లు చాలా చిన్నది. బాగా ఆరిన ఆకు ఒకటి కట్టు వదిలి కింద కాలుతున్న గొట్టం మీద పడుతుంది. లేదా తుప్పు పట్టిన గొట్టానికి చిల్లు పడి నిప్పురవ్వ బయటికొస్తుంది. ఈనె ఆరే దశలో గదిలో ఉన్నదంతా ఎండిన ఆకే, దానికి నిప్పంటుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదు. కంగారులో తలుపు తీస్తే గాలి దూరి మంట ఇంకా ఎగుస్తుంది. దీనికి మందు గొట్టాల మీద జాలీ పరచడం, ఆకు గట్టిగా కట్టడం, సీజన్‌కి ముందు ప్రతి గొట్టాన్నీ దులిపి అతుకులు, చిల్లులు చూసుకోవడం. ఇందులో యాప్ ఎక్కడా లేదు.

మరి యాప్ చేసేదేమిటి? కిందటేడాది దేవరపల్లి దగ్గర ఒక రైతుతో మాట్లాడాను. అంతకు ముందు సీజన్‌లో నలుగురు కుర్రాళ్లు ప్రాజెక్టు కోసం వచ్చి బ్యారన్లో ఒక డబ్బా బిగించి వెళ్లారట. 'ఎలా పనిచేసిందండీ?' అని అడిగాను.

'ఆయ్, బాగానే పనిచేసిందండి. యాభై దాకా. అక్కడికొచ్చాక ఇంక పైకి ఎక్కలేదండి బాబూ. మా గోడకున్న థర్మామీటరేమో అరవై ఐదు చూపిస్తందండి. ఫోన్లో మాత్రం యాభయ్యే.'

కారణం మీలో కొందరికి ఈపాటికే తట్టి ఉంటుంది. చవక కిట్లలో వచ్చే నీలం రంగు డీహెచ్‌టీ-11 సెన్సర్ కొలిచేది 0 నుంచి 50 డిగ్రీల వరకే. బ్యారన్లో అసలు ప్రమాదం మొదలయ్యేదే ఆ తర్వాత. డేటాషీట్ మొదటి పేజీ చదివి ఉంటే తెలిసేది. కొంచెం డబ్బు పెడితే 80 దాకా కొలిచే డీహెచ్‌టీ-22 దొరుకుతుంది. గొట్టం ఉపరితలం వేడి కావాలంటే కె-టైప్ థర్మోకపుల్, దానికో మాక్స్-6675 బోర్డు. అది కూడా ఆన్‌లైన్లో వందల్లోనే వస్తుంది. ఖర్చు సమస్య కాదు. అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొన్న ప్రాజెక్టులో ఎవరో రాసిపెట్టిన కోడ్‌ని తెచ్చి బిగిస్తే ఇలాగే అవుతుంది. ఆ రైతుకి మీ డిగ్రీ మీద ఎలాంటి అభిప్రాయం మిగిలి ఉంటుందో ఊహించండి. ఆయన మాత్రం మర్యాదగానే చెప్పాడు, మన గోదావరి మర్యాద.

ఇప్పుడు చిమ్నీ దగ్గరికి వద్దాం. థర్మల్ ఇంజినీరింగ్‌లో నేచురల్ డ్రాఫ్ట్ అని ఒక పాఠం ఉంటుంది. 353 తో మొదలయ్యే ఆ సూత్రం గుర్తుందా? పరీక్షకి బట్టీపట్టి రాసేసి ఉంటారు. దాన్ని ఒక మామూలు షెడ్డుకి వేసి చూద్దాం. చిమ్నీ ఎత్తు 5 మీటర్లు, బయట గాలి 30 డిగ్రీలు, లోపల పొగ సగటున 200 డిగ్రీలు. లెక్క చేస్తే వచ్చే డ్రాఫ్ట్ సుమారు 2 మిల్లీమీటర్ల నీటి మట్టం, అంటే ఓ 20 పాస్కల్స్. అంతే. పొయ్యిలోంచి పొగని లాగి పైకి పంపే బలం మొత్తం అదే. కూల్‌డ్రింక్ స్ట్రా నీళ్లలో పెట్టి 2 మిల్లీమీటర్లు పైకి లాగితే ఎంత బలమో, అంత.

ఈ అంకె ఒక్కసారి చేత్తో లెక్క చేసినవాడు మళ్లీ జీవితంలో పొగగొట్టానికి అనవసరంగా మూడు మోచేతి వంపులు పెట్టడు. ఒక్కో వంపూ ఆ 2 మిల్లీమీటర్లలోంచే తింటుంది. నాలుగంగుళాల గొట్టం మిగిలిపోయింది కదా అని ఆరంగుళాల పొయ్యికి బిగిస్తే తింటుంది. మసి పట్టి సన్నబడితే తింటుంది. చిమ్నీ కొస పక్కింటి డాబా కంటే కిందికుంటే గాలి తిరగబడి పొగ గదిలోకే వస్తుంది. చలిదేశాల్లో దీనికో లెక్కుంది. చిమ్నీ కప్పుని దాటిన చోటు నుంచి కనీసం 3 అడుగులు పైకి ఉండాలి. 10 అడుగుల దూరంలో ఉన్న కప్పు గానీ గోడ గానీ దేనికంటే అయినా 2 అడుగులు ఎత్తుండాలి. డల్లాస్‌లోనో మినియాపొలిస్‌లోనో ఉన్న మనవాళ్లు వర్క్‌షాప్‌లో కట్టెల స్టవ్ పెట్టించుకుంటే ఈ 3-2-10 లెక్క వినకుండా పని అవదు. పరీక్షలో పాసైన ధ్రువీకరణ లేని స్టవ్ అయితే, కాలే గుణమున్న ఏ వస్తువుకైనా 36 అంగుళాల దూరం ఉండాలని అక్కడి ఎన్‌ఎఫ్‌పీఏ-211 ప్రమాణం చెప్తుంది. మన దగ్గర తాటాకు పాక మధ్యలోంచి రేకు గొట్టం నేరుగా పైకి పోతుంటుంది. ఆకుకీ గొట్టానికీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. గొట్టం పోయేచోట ఆకు వెనక్కి కోసి, వెడల్పాటి రేకు కాలర్ పెట్టి, మధ్యలో గాలి ఆడేలా ఖాళీ వదలాలి. పైన నిప్పురవ్వలు ఆపడానికి జాలీ, వానకి టోపీ. ఆ జాలీ కూడా మసితో మూసుకుపోతుంది, కాబట్టి నిచ్చెన వేసుకుని దులపగలిగేలా ఉండాలి. ఇదంతా ఊళ్లో వెల్డింగ్ షాపులో ఒక పూట పని.

తడి కట్టె విషయం ఇంకా ఘోరం. అప్పుడే కొట్టిన కట్టెలో బరువులో సగం దాకా నీళ్లే ఉంటాయి. ఆ నీళ్లని ఆవిరి చేయడానికే వేడి పోతుంది. బాగా ఎండిన కట్టె కిలోకి ఇచ్చే వేడిలో తడి కట్టె ఇచ్చేది సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. రైతు కట్టెలు టన్నుల్లో కొంటాడు. అంటే నీళ్లని టన్ను ధర పెట్టి కొంటున్నాడు. పైగా మంట చల్లబడి సరిగా కాలని పొగ చిమ్నీ లోపల తారులా గడ్డకడుతుంది. దాన్నే క్రియోసోట్ అంటారు. ఎప్పుడో ఒక రోజు ఎండు పుల్లలు ఎక్కువ వేస్తే ఆ తారు అంటుకుని చిమ్నీయే కాలుతుంది. మీ కాలేజీ ల్యాబ్‌లో ఓవెన్ ఉంటుంది కదా. ఒక కట్టెముక్క తూచి, 105 డిగ్రీల దగ్గర బరువు మారడం ఆగేదాకా ఉంచి, మళ్లీ తూచండి. తేడా నీళ్లు. ఏ ఊళ్లో ఏ కట్టె ఎన్ని నెలలు ఆరితే తేమ 20 శాతానికి వస్తుందో పట్టిక వేస్తే, ఆ ఊరికి అది స్మార్ట్ బ్యారన్ కంటే పనికొస్తుంది. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి కూడా.

ఇక కనిపించని విషయం కార్బన్ మోనాక్సైడ్. గాలి చాలక సగం కాలిన బొగ్గు, కట్టె ఇచ్చే వాయువు. వాసన లేదు, రంగు లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా ఇష్టంగా దీన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, నిద్రమత్తు. కష్టపడి అలిసిపోయామనుకుని పడుకుంటారు. తలుపులేసిన కోళ్ల షెడ్లో కుంపటి పక్కన కాపలా పడుకున్న కుర్రాడికి అది నిద్ర కాదు. పొయ్యి ఉన్న గదికి కింద గాలి వచ్చే దారి, పైన పోయే దారి రెండూ ఉండాల్సిందే, చలిగా ఉన్నా, దోమలున్నా. ఎంక్యూ-7 సెన్సర్‌తో అలారం చేస్తాం అంటారా? చేయండి, నేర్చుకోవడానికి. కానీ ఆ సెన్సర్‌ని 60 సెకన్లు ఎక్కువ వోల్టేజీతో, 90 సెకన్లు తక్కువ వోల్టేజీతో మార్చి మార్చి నడపాలని దాని డేటాషీట్ చెప్తుంది. చాలా ప్రాజెక్టుల్లో నేరుగా 5 వోల్టులు ఇచ్చేసి వదిలేస్తారు. అలాంటి డబ్బాని నమ్ముకుని ఒక మనిషిని గదిలో పడుకోబెట్టకండి. ఆ పనికి ప్రమాణాలకు పరీక్షించిన అలారమే కొనాలి.

వడ్రంగి షాపులున్నవాళ్లకి ఒక్క మాట. రంపపు పొట్టు, థిన్నర్ ఉన్న గదిలో పొయ్యి ఆలోచనే వద్దు. థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పోయి ఎక్కడో ఉన్న నిప్పుని వెతుక్కుంటుంది. పాలిష్ గది వేరే, పొయ్యి వేరే. పొయ్యి రాజేయడానికి కిరసనాయిలు, పెట్రోలు పోయకూడదని చెప్పక్కర్లేదు గానీ చెప్పక తప్పట్లేదు. బూడిద చల్లారినట్టు కనిపిస్తుంది, లోపల కణికలు ఒకటి రెండు రోజులు కూడా బతికే ఉంటాయి. ప్లాస్టిక్ బక్కెట్లో, గోనెసంచిలో ఎత్తకండి. మూతున్న రేకుడబ్బాలో ఎత్తి బయట పెట్టండి.

ఆత్రేయపురం సంగతి వేరే తరహా. పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది, ఊరు సంబరపడింది. న్యాయమే. కానీ ఆ రేకు తీసే మనిషి ఎక్కడ కూర్చుంటుందో చూడండి. బోర్లించిన కుండ, దాని నోట్లోకి ఎండు కొబ్బరాకుల మంట, పిండిలో ముంచిన పలుచటి గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగితే రేకు. గంటల తరబడి మంటకి ఎదురుగా, పొగలో. చాలావరకు ఆడవాళ్లే. ఇంటిలోపలి వాయు కాలుష్యం వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. అందులో పెద్ద వాటా ఇలాంటి పొయ్యిలదే.

ఇక్కడ చిమ్నీ పెట్టేస్తే సరిపోతుందని తేలిగ్గా అనకండి. కుండ లోపల మంట ఎంత సమంగా ఉంటే రేకు అంత సమంగా వస్తుంది. చిమ్నీ ఒకవైపు లాగితే వేడి అటు పోతుంది, రేకు చిరుగుతుంది, ఆవిడ ఆ రోజు కూలీ పోతుంది. అప్పుడు ఆవిడ మీ చిమ్నీకి గుడ్డ కుక్కేసి తన పని తాను చేసుకుంటుంది, అందులో ఆవిడ తప్పేం లేదు. కుండని ముట్టుకోకుండా పైన హుడ్ పెట్టాలా, ఎంత ఎత్తులో పెట్టాలి, ఫ్యాన్ గాలికి రేకు ఎగిరిపోకుండా ఎలా లాగాలి? ఇది అసలైన డిజైన్ సమస్య. ముందు వారం రోజులు అక్కడ కూర్చుని చూడందే అర్థం కాదు. దీన్ని పరిష్కరించిన నలుగురు బీటెక్ పిల్లల పేర్లు ఏ ప్లేస్‌మెంట్ ఆఫీసర్ అయినా గోడకి అంటించుకోవాలి.

'అన్నా, ఇవన్నీ బాగానే ఉన్నాయి, ఉద్యోగం ఎక్కడ?' అంటారు. అడగాల్సిందే. నిజాయతీగా చెప్పాలంటే మొదటి జీతం సాఫ్ట్‌వేర్ జీతం కాదు. మిల్లులో షిఫ్టు ఇంజినీర్‌గా చేరితే మీ రూమ్మేట్ హైదరాబాద్ నుంచి పెట్టే స్టేటస్‌లు చూసి కడుపు మండుతుంది. కానీ ఆవిరితో, వేడితో నడిచే ఫ్యాక్టరీలు మన గుమ్మం ముందే ఉన్నాయి. రాజమండ్రిలో పేపర్ మిల్లు, తణుకు, చెల్లూరు చక్కెర ఫ్యాక్టరీల పేర్లు మీ నాన్నగారికి తెలుసు, మండపేట చుట్టూ బాయిల్డ్ రైస్ మిల్లులు. బాయిలర్ ఉన్న ప్రతిచోటా చట్టప్రకారం అర్హత ఉన్న మనిషి ఉండాలి. ఈ చట్టానికి పెద్ద కథే ఉంది. 1863లో కలకత్తాలో బాయిలర్ పేలి మనుషులు చనిపోయాక 1864లో బెంగాల్లో మొదటి చట్టం వచ్చింది. తర్వాత దేశమంతటికీ 1923 చట్టం, ఇప్పుడు దాని స్థానంలో బాయిలర్స్ యాక్ట్ 2025. బాయిలర్ అటెండెంట్, బాయిలర్ ఆపరేషన్ ఇంజినీర్ పరీక్షల నోటిఫికేషన్లు చూస్తుండండి. అనుభవం అడుగుతారు కాబట్టి ఎంత తొందరగా మొదటి మిల్లులో అడుగుపెడితే అంత మంచిది. అలాగే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నిర్వహించే ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్ పరీక్షలు. ఆడిటర్‌కి నాలుగు పేపర్లు, వాటిలో ఒకటి పూర్తిగా థర్మల్ మీదే. మనం పైన చేసిన చిమ్నీ లెక్కలాంటివి అక్కడ పనికొస్తాయి.

గమనించారా, చట్టం చూసేది ఒత్తిడితో ఆవిరి పుట్టించే పాత్రనే. బ్యారన్ పొయ్యి వేడిగాలి మాత్రమే ఇస్తుంది, ఆవిరి కాదు. కాబట్టి ఏ బాయిలర్ ఇన్‌స్పెక్టరూ దాని దగ్గరికి రాడు. పూతరేకుల పొయ్యి దగ్గరికి అసలే రాడు. పొగాకు బోర్డు 1976 నుంచి ఉంది, రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థగా మొదలైన సంస్థ 1947 నుంచి ఉంది, కట్టె ఆదా మీద వాళ్లు పనిచేస్తూనే ఉన్నారు. అయినా ఒక్కో పొయ్యి దగ్గరికీ వచ్చి గొట్టం తట్టి చూసే మనిషి లేడు. ఆ ఖాళీలో చదువుకున్న కుర్రాళ్లకి, అమ్మాయిలకి పని ఉందని నా నమ్మకం. ముగ్గురు కలిసి సీజన్‌కి ముందు బ్యారన్ చెకప్ చేసి ఇంత ఫీజు అంటే ఇవ్వని రైతు ఉంటాడా? ఒక బ్యారన్ కాలితే పోయే డబ్బు ముందు ఆ ఫీజు ఎంత?

ఎల్పీజీ వస్తుంది, సోలార్ వస్తుంది, ఇంకా కట్టెలేంటి అనే స్నేహితులు నాకూ ఉన్నారు. వస్తే మంచిదే, రావాలి. అప్పుడు కూడా గదిలోంచి వేడి ఎక్కడ పోతోందో, ఎంత కావాలో లెక్కగట్టాల్సింది ఈ మనిషే. కప్పు మీద ఇన్సులేషన్ లేని బ్యారన్‌కి కట్టె పెట్టినా గ్యాస్ పెట్టినా వేడి పైకే పోతుంది.

ఫైనలియర్ వాళ్లు ఈ డిసెంబర్లో ప్రాజెక్టు టాపిక్ కోసం తిరుగుతుంటారు. క్యూరింగ్ మొదలయ్యాక రైతుకి మీతో మాట్లాడే తీరిక ఉండదు, అంతకు ముందే వెళ్లండి. గొట్టాలు దులిపి, గోడలు మెత్తి, జాలీలు సరిచేసుకునే రోజులవి. ఒక టేపు, ఒక టార్చి, నోట్‌బుక్ తీసుకెళ్లండి. పొయ్యి నోరు, గొట్టం వ్యాసం, వంపులెన్ని, చిమ్నీ ఎత్తెంత, కప్పుకీ గొట్టానికీ దూరమెంత, రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటారు, అన్నీ రాసుకోండి. ల్యాప్‌టాప్ హాస్టల్లో వదిలేసి వెళ్లండి, అక్కడ మసి పడుతుంది.